మామగారి జీపు, అల్లుడి ఇంజను

రిటైరైన మగవాడి చేతికి స్క్రూడ్రైవరు కూడా ఇవ్వకూడదని మా ఆవిడ పుట్టింటివాళ్ళ సిద్ధాంతం. అలాంటివాళ్ళు నాకు ఏకంగా జీపు ఇచ్చారు.

ప్రేమకొద్దీ ఇచ్చారనుకునేరు. మా మామగారు పోయాక అవనిగడ్డలో పంపకాలు జరిగాయి. పొలం, కొబ్బరితోట, పెంకుటిల్లు ఎవరివి వాళ్ళు తేల్చుకున్నాక, గడ్డివామి పక్కన ఎలుకలు కాపురం పెట్టిన 1968 మోడలు జీపు ఒకటి మిగిలింది. "బావగారూ, మీరు సైన్సు మాస్టారు. దీని విలువ మీకే తెలుస్తుంది" అన్నాడు పెద్ద బావమరిది. పొగిడాడనుకుని పొంగిపోయాను. కూచిపూడి దాకా లారీ కిరాయి కూడా నేనే కట్టాను. బండి వాకిట్లో దిగాక మా ఆవిడ తాపీగా చెప్పింది. "పోయిన సంక్రాంతికి పాత ఇనుమువాడు వచ్చి, దీన్ని మోసుకుపోవడానికి ఎదురు కిరాయి అడిగాట్ట. అన్నయ్యకి ఆ ఖర్చు తప్పింది."

నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ, హైస్కూల్లో ఎన్నో ఏళ్ళు ఇంజను పాఠం చెప్పినవాణ్ణి. సక్షన్, కంప్రెషన్, పవర్, ఎగ్జాస్ట్ అని నాలుగు రంగుల సుద్దముక్కలతో బొమ్మ వేస్తే, ఇన్‌స్పెక్షనుకి వచ్చినవాళ్ళు చెరపొద్దనేవారు. నా బోర్డు మీది ఇంజను ఏనాడూ పొగ కక్కలేదు, ఆయిలు కార్చలేదు, డబ్బులడగలేదు. ఇంజన్లంటే అలాగే ఉంటాయన్న నమ్మకంతో బానెట్ ఎత్తాను.

జీపు పుట్టుపూర్వోత్తరాలు చదవడానికే కొన్ని రాత్రులు పట్టింది. మీరూ ఏదో ఒకటి కొని, వాడటం మానేసి, దాని గురించి చదువుతూ కూర్చున్న రోజులుండే ఉంటాయి. ఇది సీజే-3బీ. అమెరికా విల్లీస్ కంపెనీ డిజైను, మన మహీంద్రావారి తయారీ. ఆ కంపెనీ 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ అనే పేరుతో మొదలైంది. అందులోని గులాం మొహమ్మద్ గారు దేశవిభజన తర్వాత పాకిస్తాన్‌కి తొలి ఆర్థికమంత్రి అయ్యారు, ఆ తర్వాత గవర్నర్ జనరలూ అయ్యారు. 1948లో ఇక్కడ కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఇదంతా రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడకి చెప్పాను. "భాగస్వామి గవర్నరై వెళ్ళిపోయినా వాళ్ళు బోర్డు మీద ఒక పేరు మార్చుకుని సరిపెట్టుకున్నారన్నమాట" అంది, నా కంచంలో చారు పోస్తూ. ఆ మాట నాకు తగలబోతోందని అప్పటికి తెలియదు.

అసలు సంగతి పెట్రోలు. మామగారి ఇంజనుకి హరికేన్ అని పేరు, 2.2 లీటర్లది. డెల్టా రోడ్ల మీద దాని దాహానికి లీటరు పోస్తే ఏడెనిమిది కిలోమీటర్లు, అదీ ఎదురుగాలి లేకపోతే. లీటరు వంద రూపాయలు దాటిన రోజుల్లో ఇదేం బండి అనుకున్నాను. డీజిలు ఇంజను పెట్టేస్తే పీడా పోతుంది కదా!

"బోరు చేయించి, పిస్టన్లు మారిస్తే ఇదే తిరుగుతుంది మాస్టారూ" అన్నాడు మేస్త్రి. ఆ మాట నాకు వినపడలేదు. ఆటోనగర్‌లో చప్పుడు ఎక్కువ.

ఆటోనగర్ చూడనివాళ్ళకి చెప్పడం కష్టం. పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు దాటుకుంటూ బందరు రోడ్డు మీద బెజవాడ చేరుతుంటే వస్తుంది జవహర్ ఆటోనగర్. ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటని బెజవాడవాళ్ళు చెప్పుకుంటారు. ఒక వీధంతా లారీ బాడీలు కట్టేవాళ్ళు, ఇంకో వీధంతా కమాను కట్టలు, ఆ పక్కన రేడియేటర్లు, లేతు మిషన్లు, గేరుబాక్సులు. అక్కడ దొరకనిది ప్రశాంతత ఒక్కటే. నేను కళ్ళజోడు సవరించుకుంటూ ఆ వీధుల్లో నడుస్తుంటే ప్రతి కొట్టువాడూ "రండి మాస్టారూ" అన్నాడు. నా మొహం చూసి చదువుకున్నవాడినని పోల్చుకున్నారే అని మురిసిపోయాను. వాళ్ళు పోల్చుకున్నది వేరే.

చివరికి ఒక ప్యూజో ఇంజను దొరికింది. ఫ్రాన్సువాళ్ళ డిజైను, మహీంద్రావారు ఎంఎం 540 జీపుల్లో పెట్టినదే. పేరు ఎక్స్‌డీపీ 4.90. నాలుగు సిలిండర్లు, ఒక్కో బోరు 90 మిల్లీమీటర్లు, స్ట్రోకు 83. వ్యాసార్థం వర్గాన్ని పైతో గుణించి, స్ట్రోకుతో గుణించి, నాలుగుతో గుణిస్తే 2112 సీసీ రావాలి. కొట్టు గోడ మీద బొగ్గుముక్కతో లెక్క వేసి, వచ్చిందని చూపించాను. కొట్టాయన మర్యాదగా చివరిదాకా విన్నాడు. "కరెక్టుగా వచ్చింది మాస్టారూ. నగదా, ఫోన్‌పేనా?" అన్నాడు.

ఇంజను పట్టింది. ఇంజను తప్ప ఇంకేదీ పట్టలేదు.

దాని వెనక దాని సొంత నాలుగు గేర్ల బాక్సు వచ్చింది. మామగారిది మూడు గేర్లది, పొట్టిది. కొత్తది పొడుగు కాబట్టి దాని వెనకుండే ట్రాన్స్‌ఫర్ కేసు ఇంకా వెనక్కి జరిగింది. అది జరిగింది కాబట్టి వెనక చక్రాలకి పోయే ప్రొపెల్లర్ షాఫ్టు కోయించాలి, ముందు చక్రాలకి పోయేది పొడిగించాలి. ఛాసిస్ మీద పాత మౌంటింగులు కోసేసి కొత్తవి వెల్డింగు చేయాలి. అవి చేశాక పొగ గొట్టం వచ్చి స్టీరింగు రాడ్డుకి తగిలింది. గొట్టం వంచారు. డీజిల్లో నిప్పురవ్వ ఉండదు, గాలిని ఇరవై ఇంతల దరిదాపుగా నొక్కి ఆ వేడితోనే మండించాలి. అంత నొక్కాలంటే పెద్ద స్టార్టరు, దానికి పెద్ద బ్యాటరీ, ఆ బ్యాటరీ పాత తట్టలో కూర్చోదు కాబట్టి కొత్త తట్ట. పంపు వాడుకోగా మిగిలిన డీజిలు ట్యాంకుకి తిరిగి రావాలి కాబట్టి డ్రైవరు సీటు కింద ఉన్న ట్యాంకుకి ఇంకో కన్నం. కన్నం పెట్టగానే ట్యాంకు అడుగు తుప్పు బయటపడింది. కొత్త ట్యాంకు.

ఒక్కొక్కటీ చెప్పేటప్పుడు మేస్త్రి "చిన్న పనే మాస్టారూ" అనేవాడు. నిజమే, అన్నీ చిన్నవే. మా ఆవిడ వాటిని పాలచిట్టా వెనక పేజీల్లో రాసుకుంటూ వచ్చింది. పాలచిట్టా అయిపోయింది. ధాన్యం కాటా చీటీల వెనకవైపు మొదలెట్టింది.

ఒకనాడు ఆ చీటీలు ముందు పెట్టుకుని కూర్చుంటే, ఆత్మరక్షణకి చరిత్ర ఎత్తుకున్నాను. "నీకు తెలియదు. ఈ సీజే-3బీ పుట్టిందే ఇంజను మార్పిడి వల్ల. పాత విల్లీస్ ఇంజన్లో వాల్వులన్నీ పక్కన బ్లాకులోనే ఉండేవి. హరికేన్‌లో ఇన్‌టేక్ వాల్వుల్ని పైకి, హెడ్డులోకి తెచ్చారు. శక్తి పెరిగింది, ఇంజను ఎత్తూ పెరిగింది, పాత బానెట్ కింద పట్టలేదు. ఏం చేశారు? 1953లో బానెట్ ఎత్తు పెంచి ఈ మోడలు దింపారు. మన జీపు నుదురు అంత ఎత్తుగా ఉండేది అందుకే."

"వాళ్ళు బానెట్ పెంచారు. మీరు అప్పు పెంచారు" అంది.

ఎట్టకేలకు బండి ఇంటికొచ్చింది. ఆలివ్ గ్రీను రంగు, కొత్త టైర్లు. నేను ఒక ఖాకీ టోపీ కూడా కొనుక్కున్నాను, అది చిట్టాలోకి ఎక్కలేదు. వీధి మలుపులో నలుగురు నిలబడి చూశారు. ఒకప్పుడు పల్లెల్లోకి జీపు వచ్చిందంటే తాసీల్దారో బీడీవోనో వచ్చినట్టే. మా వీధి చివరి పెద్దాయన అరుగు మీంచి లేచి నిలబడ్డాడు. నేను చెయ్యూపాను. దగ్గరికొచ్చాక నన్ను పోల్చుకుని, "నువ్వట్రా" అని మళ్ళీ కూర్చున్నాడు.

మా ఆవిడ గుమ్మంలోంచి చూసింది. డీజిలు దడదడకి నంబరు ప్లేటు, హెడ్‌లైట్లు, నా కళ్ళజోడు అన్నీ ఊగుతున్నాయి. చాలాసేపు విని ఒక్క మాట అంది. "మన ఊళ్ళో మనిషిని అట్లాగే ఉంచి వేషం మారుస్తారు. మీరు వేషం అట్లాగే ఉంచి లోపలి మనిషిని మార్చారు."

వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషం కడితే ఆడవాళ్ళే ఆశ్చర్యపోయిన ఊరు ఇది. ఇక్కడ పుట్టి పెరిగిన నాకే ఆ మాటకి జవాబు తోచలేదు. అవనిగడ్డ నుంచి వచ్చిన ఆవిడకి ఎలా తోచిందో!

ఈ ఊళ్ళో పాత బండి నడపడానికి ఇంకో చిక్కుంది. ఎవరికి చెవి లేకపోతే బాగుండుననుకుంటామో వాళ్ళందరికీ చెవి ఉంటుంది. పక్కింటి మనవరాలు సిద్ధేంద్రయోగి కళాపీఠంలో నాట్యం నేర్చుకుంటోంది, మూడో తరగతి. బడి సంచితో వెళ్తూ జీపు దగ్గర ఆగింది. తల ఊపింది, మోకాలి మీద తాళం వేసింది, మొహం చిట్లించింది. "తాతగారూ, మీ జీపు తకధిమి అనాలి కదా. 'మి' మింగేస్తోంది" అంది.

నాలుగు స్ట్రోకుల సిద్ధాంతం ఆ పిల్లకి విడమరిచి చెప్పి, డీజిలు ఇంజను శబ్దం అలాగే ఉంటుందని సర్దిచెప్పి పంపించాను. మర్నాడు మేస్త్రి వచ్చి, నాజిల్ యూనియన్లు ఒక్కొక్కటే వదులు చేసి చూశాడు. మూడింటికి ఇంజను మూలిగింది. నాలుగోదానికి ఉలుకూ పలుకూ లేదు. "ఒక సిలిండరు కొట్టట్లేదు మాస్టారూ. మీరు కనిపెట్టలేదా?" అన్నాడు. ఆ సాయంత్రం ఆ పిల్ల బడి నుంచి వస్తూ, జీపు మీద చెవి పెట్టి విని, "ఇప్పుడు బాగుంది" అని ధ్రువీకరించి వెళ్ళింది.

తర్వాత మొవ్వలో నిశ్చితార్థం. బంధువులందరి ముందూ జీపు దిగాలన్నది నా చిరకాల కోరిక. పందిరి ముందు ఆపి, తాళంచెవి తిప్పి, తీసి, వేలికి తగిలించుకుని, టోపీ సర్దుకుని దిగాను. వెనక జీపు నడుస్తూనే ఉంది. తాళంచెవి నా చేతిలో ఉంది, ఇంజను దాని మానాన అది దడదడలాడుతోంది. పురోహితుడు లగ్నపత్రిక చదవడం ఆపాడు. పెట్రోలు ఇంజనుకి కరెంటు ఆపితే నిప్పురవ్వ ఆగి ఇంజను ఆగుతుంది. నిప్పురవ్వే లేని డీజిలుకి తాళంచెవితో ఏం పని? దానికి డీజిలు పంపు ఆపే కేబులు లాగాలి. ఇది నాకు తెలియని సంగతా? ఏటా పరీక్షలో రెండు మార్కులకి ఇచ్చిన ప్రశ్నే. కానీ పరీక్షలో నూటయాభై మంది బంధువులు ఉండరు. మా ఆవిడ వెళ్ళి, డాష్‌బోర్డు కింద నల్ల నాబు పట్టుకుని లాగింది. బండి ఆగింది. పురోహితుడు మళ్ళీ మొదలెట్టాడు.

ఆ కథ బెజవాడ దాకా పాకింది. అక్కడ వకీలుగా ఉన్న మా అమ్మాయి ఫోను చేసి, ముందు తనివితీరా నవ్వుకుని, తర్వాత గొంతు మార్చింది. "నాన్నా, ఆర్‌సీలో ఇంధనం ఏమని ఉంది?"

"పెట్రోలు."

"ఇంజను నంబరు?"

"తాతయ్య ఇంజనుది."

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఫోన్లో మొదలైంది. కంపెనీ చెప్పిన వివరాలకీ, బండికీ తేడా వచ్చేట్టు మార్పులు చేయకూడదట. ఇంజను మార్చాలంటే ముందే అధికారుల అనుమతి తీసుకోవాలట, మార్చినది ఆర్‌సీలో ఎక్కాలట, ఇన్సూరెన్సువాళ్ళకీ చెప్పాలట. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షను మీద గట్టిగానే చెప్పిందట. అంతటితో ఆగితే బాగుండేది. "ఇంకోటి నాన్నా. 2021లో వింటేజ్ బండ్లకి కొత్త రూల్సు వచ్చాయి. రిజిస్ట్రేషనై 50 ఏళ్ళు దాటినవాటికి వీఏ అనే అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ప్లేటు ఇస్తారు. నీ జీపుకి వయసు సరిపోతుంది."

నా గుండె పొంగింది. "అప్లై చేద్దాం."

"ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా మొదట్లో ఉన్నట్టే ఉండాలి నాన్నా."

కాగితాల సంగతి తేలేదాకా జీపు తారురోడ్డు ఎక్కకూడదని మా అమ్మాయి తీర్పు. అప్పీలు మా ఆవిడ దగ్గర కొట్టేశారు. మట్టిలో తిరగడానికే పుట్టిన బండి కదా, మా పొలం డొంకలో తిరిగింది. టోపీ చూసేవాళ్ళు కొంగలు తప్ప ఎవరూ లేరు.

పనిలో పనిగా మా ఆవిడ పొదుపు లెక్క కూడా తేల్చింది. పెట్రోలుతో కిలోమీటరుకి ఎంత, డీజిలుతో ఎంత, తేడా సుమారు ఆరు రూపాయలు. కాటా చీటీల మొత్తం లక్షా ఇరవై వేలు. అంటే పెట్టింది రావాలంటే ఇరవై వేల కిలోమీటర్లు తిరగాలి. డొంకలో ఏడాదికి మహా అయితే అయిదొందలు. "నలభై ఏళ్ళు. ఇప్పుడు మీకు అరవై నాలుగు. నూట నాలుగో ఏట నుంచి మనకి లాభాలే" అని చీటీలకి రబ్బరుబ్యాండు వేసింది.

జూలైలో కాలవలకి నీళ్ళొచ్చాక, ఎరువు బస్తాలు వేసుకుని ఇద్దరం పొలం వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు ముసురు పట్టింది. నల్లరేగడి డొంక సంగతి మీకు చెప్పేదేముంది, రెండు చినుకులు పడితే చెప్పులు మనకంటే బరువెక్కుతాయి. వైపరు మీట తిప్పాను. కదల్లేదు. ఫ్యూజు చూశాను, వైరు వెతికాను. వైపరుకి వైరే లేదు.

"దానికి కరెంటు ఎక్కడుంది? ఇంజను పీల్చే గాలితో నడిచే వైపరు అది" అంది మా ఆవిడ, తలమీద ఎరువు సంచి కప్పుకుని. "ముసుర్లో నాన్న కాలు తీసి తీసి తొక్కేవాడు. ఎక్సిలేటరు వదిలితే వైపరు గబగబా ఊగేది, తొక్కితే నీరసంగా ఆగిపోయేది. చిన్నప్పుడు అదే మాకు ఆట."

వాక్యూమ్ వైపరు! పెట్రోలు ఇంజన్లో థ్రాటిలు మూసుకున్నప్పుడు లోపల శూన్యం పెరుగుతుంది, ఆ లాగుడుతో వైపరు నడుస్తుంది. నా ప్యూజోకి గాలిదారిలో థ్రాటిలే లేదు, గాలి ధారాళంగా పోతుంది, ఇక శూన్యం ఎక్కడిది? మామగారి జీపులో ఆఖరికి వైపరు కూడా ఆ ఇంజనునే నమ్ముకుని బతికిందని, వానలో తడుస్తూ తెలుసుకున్నాను. పాఠం చెప్పింది పదో తరగతిలో సైన్సంటే భయపడి వదిలేసిన మనిషి.

"జరగండి" అంది. అద్దం ఫ్రేముకి అటూ ఇటూ ఉన్న క్లిప్పులు విప్పి, అద్దాన్ని బానెట్ మీదికి పడుకోబెట్టింది. ఈ జీపుల్లో అలా మడుచుకునే ఏర్పాటుందని నేను చదివాను. ఆవిడ చూసింది. బండికి టాపు వేయించే డబ్బు అప్పటికే అయిపోయింది కాబట్టి తడవడంలో కొత్తగా పోయిందేమీ లేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని డ్రైవరు సీట్లో కూర్చుని, నాలుగు చక్రాలకీ పవరు వేసి, లో గేరులో పెట్టి, ఎక్సిలేటరు మీద కాలు ఆనీ ఆనకుండా బండిని బురదలోంచి కాలవగట్టు మీదికి ఎక్కించేసింది. నేను పక్క సీట్లో టోపీ పట్టుకుని కూర్చున్నాను.

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"ఇంటర్లో. నాన్న నేర్పాడు. మీరెప్పుడూ అడగలేదుగా."

గట్టు మీద కొంచెం దూరం పోయాక తనే చెప్పింది. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచేసినప్పుడు తనకి పదేళ్ళు. నీళ్ళు తీశాక ఈ జీపులోనే వాళ్ళ నాన్న బియ్యం బస్తాలు వేసుకుని నాగాయలంక వైపు ఊళ్ళకి తిరిగాడట. రోజుల తరబడి ఇంటికి రాలేదట. రాత్రిపూట దూరం నుంచి ఇంజను చప్పుడు వింటే చాలు, వాళ్ళమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేదట. నేనేమీ మాట్లాడలేదు. మాట్లాడినా ప్యూజో చప్పుళ్ళో వినపడదు.

మొన్న ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చాడు. పాత జీపులు సేకరించే పెద్దమనిషి, ఎవరో చెబితే విని వచ్చాడు. జీపు చుట్టూ తిరిగి బాడీని మెచ్చుకున్నాడు, రంగుని మెచ్చుకున్నాడు, ఎత్తు బానెట్ మీద చెయ్యేసి నిమిరాడు. నేను టోపీ పెట్టుకున్నాను. ఆయన బానెట్ ఎత్తాడు. చూశాడు. శవం మీద దుప్పటి కప్పినట్టు మెల్లగా దించాడు.

"ఒరిజినల్ ఇంజను ఉందాండీ?"

నాకు గుర్తే లేదు. అది ఆటోనగర్‌లో ఏ తూకంలోనో పోయిందనుకున్నాను. మా ఆవిడ "రండి" అని పశువుల కొట్టంలోకి తీసికెళ్ళింది. వెనకమూల రెండు తాటిదుంగల మీద, టార్పాలిన్ కింద, మామగారి హరికేన్ ఉంది. ప్లగ్గుల కన్నాలకి ఆయిలు గుడ్డలు కుక్కి ఉన్నాయి. సిలిండర్లలో అప్పుడప్పుడూ ఒక చెంచా ఆయిలు పోసి, తుప్పు పట్టకుండా చేత్తో తిప్పుతోందట. మేస్త్రికి ఎదురు డబ్బిచ్చి లారీలో తెప్పించుకుందట. ఆ ఖర్చు ఏ చీటీలోనూ రాయలేదు.

ఆయన కళ్ళు వెలిగిపోయాయి. నేను డీజిలుకి తగలేసినదానికి దగ్గరగా ఒక ధర చెప్పాడు. నా నోట్లో నీళ్ళూరాయి.

"అది మా నాన్నది, అమ్మం" అంది మా ఆవిడ. "జీపు కావాలంటే ఈయన్ని అడగండి."

ఆయన నా వైపు చూశాడు, వాకిట్లో జీపు వైపు చూశాడు, గ్లాసులో మిగిలిన మజ్జిగ తాగేశాడు. "ఇంకోసారి వస్తానండీ మాస్టారూ" అన్నాడు.

ఆయన కారు మలుపు తిరిగాక చూస్తే, ఆయనిచ్చిన కార్డు మా ఆవిడ పాత చీటీల రబ్బరుబ్యాండులో దోపుతోంది.

"అమ్మనన్నావుగా, కార్డెందుకు?"

"గాస్కెట్లు ఎక్కడ దొరుకుతాయో ఆయనకి తెలుసట. ఇంజను తిరిగి ఎక్కించేటప్పుడు కావాలిగా. అమ్మాయి వింటేజ్ కాగితాలు చూస్తానంది."

"మేస్త్రితో నేను మాట్లాడతాలే" అన్నాను, వీలైనంత పెద్దరికంగా.

"మాట్లాడాను. దసరా అయ్యాక బండి తీసుకురమ్మన్నాడు. మిమ్మల్ని మాత్రం తీసుకురావద్దన్నాడు."